సముద్రం నడిమధ్య బావిలో మంచినీళ్లా?

పగడపు దీవుల మధ్య తెరచాప పడవలోనే కాపురం ఉండేవాళ్లకూ మన అనంతపురం దిగులే: తాగే నీళ్లు. ట్యాంకు నిండుకుంటే వానొచ్చినప్పుడు పట్టా కట్టి పట్టుకోవాలి, లేదా ఉప్పు తీసే యంత్రం నడపాలి. మరి లక్షద్వీప్‌లోని కవరత్తి దీవిలో బావి తవ్వితే కొద్ది అడుగుల్లోనే మంచినీళ్లు ఎలా పడతాయి? అక్కడ ఏరు లేదు, కొండ లేదు. ఉన్నదంతా పగడాల పొడి, ఇసుక. పడిన వాన పారిపోకుండా ఇట్టే ఇంకిపోతుంది. లీటరు మంచినీళ్లకంటే లీటరు సముద్రపు నీళ్లు సుమారు 25 గ్రాములు ఎక్కువ తూగుతాయి. అందుకే వాననీరు పప్పుచారు మీద నెయ్యిలా ఉప్పునీటిపై తేలుతుంది. నెయ్యి కలవదు, నీళ్లు కలుస్తాయిగా అంటారా? నిజమే, గరిటెతో తిప్పితే కలుస్తాయి. ఇసుక రేణువుల సందుల్లో తిప్పేదెవరు? రెండూ తాకేచోట కొంత ఉప్పెక్కినా, ఏటేటా కొత్త వాన దాన్ని నెట్టేస్తుంది. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 1,600 దాకా కురుస్తుంది మరి!

అలాగైతే మనలా బోరు ఇంకా లోతుకు దింపితే సరిపోదా? అక్కడే ఉంది తిరకాసు. లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరుంటే, కింద 40 అడుగులుంటుంది. ఆ పై అడుగును మోటారుతో లాగేస్తే కింది ఉప్పునీరు అంతకు ఎన్నో రెట్లు పైకి ఎగదన్నుతుంది. మన బోరు ఎండిపోతుంది. వాళ్ల బావి ఎండదు, ఉప్పెక్కుతుంది. అందుకే కవరత్తిలో 2005లో సముద్రపు నీటినే ఆవిరిచేసి రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లు తీసే కేంద్రం పెట్టారు.