పేడలో పొయ్యి, పొయ్యి తరువాత ఎరువు



హైదరాబాదులో చిక్కడపల్లి నుండి నారాయణగూడ వైపు నడిచినా, అశోక్ నగర్ సందుల్లోకి తిరిగినా మెస్సులు, టిఫిను సెంటర్లు, పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు వరుసగా కనబడతాయి. వాటిలో చాలామటుకు పొయ్యిలకు ఆధారం సిలిండరు గ్యాసు. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి మించి విదేశాల నుండి ఓడల మీద రావలసిందే. అక్కడ ధర పెరిగితే ఇక్కడ భోజనం ధర పెరుగుతుంది. ఆ వీధులకు పాలు, కూరగాయలు మన పల్లెల నుండి పోతున్నవి గదా! గ్యాసు కూడా పోరాదా? పోవచ్చు. కాని ముందు మన ఇంటి పొయ్యి సంగతి చూద్దాం.

పేడను సమానంగా నీళ్లతో కలిపి, గాలి చొరని తొట్టిలో సుమారు 40 రోజులు మాగనిస్తే, కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని తిని గ్యాసు పుట్టిస్తాయి. ఇందులో 55 నుండి 65 పాళ్లు మీథేను; అదే మండేది. మిగిలినది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. ఇనుప డ్రమ్ము పైకి తేలే గోబరు గ్యాసు తొట్టిని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారు 1960లలో ప్రచారం చేశారు. ఇటుక గుమ్మటంతో భూమిలోనే కట్టే దీనబంధు నమూనా 1984లో వచ్చింది. దీనికి ఖర్చు తక్కువ, తుప్పు బాధ లేదు.

ఇక లెక్క. 25 కిలోల పచ్చి పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. ఆవు రోజుకు సుమారు 10 కిలోలు, బర్రె 15 కిలోలు పేడ వేస్తుంది. “మాకు రెండు బర్రెలే ఉన్నవి, సరిపోతుందా?” అని అడుగుతారు. ఒక ఘనపు మీటరు తొట్టికి సరిపోతుంది. అయిదారు పశువులుంటే రెండు ఘనపు మీటర్లది కట్టవచ్చు. దాని గ్యాసు నెలకు సుమారు 25 కిలోల సిలిండరు గ్యాసుకు సమానం, అంటే 14.2 కిలోల సిలిండర్లు రెండింటికి కాస్త తక్కువ.

పిడకలు చేసి కాలిస్తే పేడలోని నత్రజని పొగలో పోతుంది. గ్యాసు తీసిన పేడలో నత్రజని, భాస్వరం, పొటాషు నిలిచి ఉంటాయి. పొయ్యి మండిన తరువాత కూడా ఎరువు మీ చేనుకే దక్కుతుంది.

అయితే సబ్సిడీ చూసి పెద్ద తొట్టి కట్టవద్దు. పశువులను అమ్ముకున్న ఇంట తొట్టి ఎండిపోతుంది. రోజూ పేడ పడకపోతే గ్యాసు తగ్గుతుంది. మట్టి, గడ్డి పడితే గొట్టం పూడుతుంది. విస్తరణ కార్యకర్తలు కట్టించి వదిలివేయక, మొదటి ఏడాదంతా పోయి చూడాలి. మొదట వచ్చే గ్యాసులో గాలి కలిసి ఉంటుంది కనుక దానిని వెలిగించక బయటికి వదలండి. తొట్టిలోకి దీపం పెట్టి తొంగిచూడవద్దు, లోపలికి దిగవద్దు. ఆ గ్యాసు ప్రాణాలు తీస్తుంది.

మరి పట్నానికి గ్యాసు ఎట్లా పోతుంది? ఇంటి తొట్టి గ్యాసును సిలిండరులో నింపే వీలు లేదు. దానిని శుద్ధిచేసి, మీథేను 90 పాళ్లకు పైగా చేసి, ఒత్తిడితో నింపాలి. ఇది పది ఊళ్ల పేడను ఒకచోట చేర్చగల పాల సంఘాలు, సహకార సంఘాల పని. ఇట్లాంటి గ్యాసును చమురు కంపెనీలు కొనే పథకం 2018లో మొదలయింది.

పట్నం తన వంతు చేయగలదనడానికి బోయినపల్లి కూరగాయల మార్కెట్టు సాక్షి. కుళ్లిన కూరగాయల నుండి అక్కడ గ్యాసు, విద్యుత్తు తీసే కర్మాగారం పెట్టారు. దాని పద్ధతిని రూపొందించినది తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుండి 500 యూనిట్ల విద్యుత్తు వస్తున్నదని ప్రధానమంత్రి 2021 జనవరి 31న రేడియో ప్రసంగంలో చెప్పారు. చిక్కడపల్లి మెస్సులవారు కూరగాయల తొక్కలను ప్లాస్టిక్కుతో కలపక వేరుగా పెడితే, అవీ ఇట్లాగే పనికివస్తాయి. మన చేలో పండినది పట్నం తిన్న తరువాత కూడా మంటగా మారుతుంది.

కాబట్టి సోదరులారా, రేపు పొద్దున కొట్టంలోని పేడను ఒకసారి తూకం వేయండి. వారం రోజుల తూకం కాగితం మీద రాసుకొని మీ వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరకు రండి. తొట్టి ఎంతది కట్టాలో, అసలు కట్టాలో వద్దో, ఆ కాగితమే చెబుతుంది.