పన్నెండోవాడు

మొన్న మాసబ్ ట్యాంకులో మా వీధి పిల్లలకు పేచీ వచ్చింది. ఫుట్‌బాల్ జట్టుకు పదకొండుమంది కుదిరారు. మరి పన్నెండోవాడు ఎవరు? ఒకడు లేడిలా పరుగెత్తుతాడు, కాని ముందు వరసలో తప్ప ఆడడు. రెండోవాడు నిదానం, అయితే ఎక్కడ నిలబెట్టినా ఆడతాడు. మీరైతే ఎవరిని తీసుకుంటారు?

వాళ్ళకు నేను రహీం సాహెబు సంగతి చెప్పాను. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు వాడే, బడిపంతులుగా పనిచేసినవాడు. (అందుకే నాకు కాస్త పక్షపాతం!) 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు శిక్షకుడు ఆయనే. అక్కడ థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతడు గోలుకు కాపుండే బ్యాకు. బ్యాకుకు తలతో పని ఎక్కువ గదా! సెమీఫైనల్ నాటికి రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు తెచ్చాడు. ఆ చోటుకు ఎదురుచూసిన ఫార్వర్డులు బయట కూర్చున్నారు. వాళ్ళకెంత కష్టం తోచి ఉంటుందో! కాని జర్నైల్ దక్షిణ వియత్నాం మీద ఒక గోలు, సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద మరొకటి కొట్టాడు. మనవాళ్ళు 2-1తో బంగారు పతకం గెలిచారు.

పిల్లలు రెండోవాణ్ణి తీసుకున్నారు. మొదటివాడు రెండు రోజులు అలిగాడు. మూడోనాడు వచ్చి, "సార్, నేను గోల్‌కీపరుగా కూడా నిలబడతాను" అన్నాడు. పేచీ మళ్ళీ మొదలైంది.