షిన్‌చాన్ వాళ్ల ఊళ్లో

ఆ ఇంటి అప్పు ఇంకా 32 ఏళ్లు కట్టాలి. ఎప్పుడు అడిగినా 32 ఏళ్లే. పెద్దవాడికి ఐదేళ్లు దాటవు, చంటిది మాటలు నేర్వదు, తెల్ల కుక్కపిల్ల ముసలిదవదు. 1992 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైన ఈ కార్టూన్ సంసారం మన ఇళ్లలోకి 2006లో వచ్చింది. తండ్రి హిరోషి మనకు హ్యారీ అయ్యాడు, తల్లి మిసాయె మిట్సీ అయింది. షిన్‌చాన్ మాత్రం షిన్‌చాన్‌గానే దిగాడు. వాళ్ల ఊరి పేరూ మారలేదు: కసుకబే.

ఊరు నిజంగానే ఉంది. టోక్యోకి ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్లు, సైతామా రాష్ట్రం. కొండల్లేవు, సముద్రం లేదు, చూసి తీరాల్సిన కోట లేదు. ఒకప్పుడు టోక్యో నుంచి నిక్కో పుణ్యక్షేత్రానికి వెళ్లే దారిలో నాలుగో మజిలీ. బాటసారులు రాత్రికి బస చేసి పొద్దున్నే మూట సర్దుకునేవారు. ఇప్పుడు జనం రాత్రికి ఇంటికొచ్చి పొద్దున్నే రైలెక్కుతారు. పెద్ద తేడా ఏముంది! 1960ల్లో ఇక్కడి తకెసతోలో వేల కుటుంబాలకు సరిపడా అపార్ట్‌మెంట్ కాలనీ కట్టారు. టోక్యోలో ఇల్లు కొనలేని ఉద్యోగులంతా ఇటు చేరారు.

హిరోషి వాళ్లలో ఒకడు. అతని ఆఫీసు టోక్యో నడిబొడ్డున కసుమిగసెకిలో. ఇది రచయిత గాల్లోంచి తీసిన పేరు కాదు. కసుకబే మీదుగా వెళ్లే టోబు లైను రైళ్లు కొన్ని నేరుగా హిబియా మెట్రో లైనులోకి వెళ్లిపోతాయి, ఆ లైనులోనే కసుమిగసెకి స్టేషను. అంటే హ్యారీ మారాల్సిన రైలు లేదు. సీటు దొరికిందా లేదా అన్నదే అతని రోజువారీ సమస్య.

ఇంత కచ్చితంగా రాయగలిగిన యోషితో ఉసుయి ఈ ఊళ్లోనే పెరిగాడు. ఈ బొమ్మల కథను 1990లో మొదలుపెట్టింది పిల్లల పత్రికలో కాదు, పెద్ద మగవాళ్లు చదివే వారపత్రికలో. సంగతంతా అక్కడుంది. షిన్‌చాన్ ప్యాంటు జార్చి గెంతినా, కనిపించిన అమ్మాయినల్లా పలకరించినా అది ఆఫీసు నుంచి అలసి వచ్చే తండ్రుల కోసం వేసిన జోకు. టీవీకెక్కి పిల్లల కార్యక్రమం అయ్యేసరికి తల్లులు నెత్తి కొట్టుకున్నారు. జపాన్‌లో పిల్లలకు చూపించకూడని కార్యక్రమాలేవని తల్లిదండ్రుల సంఘం సర్వే చేసినప్పుడల్లా ఇది ముందు వరసలో ఉండేది. మన దేశంలో 2008లో ప్రసారమే ఆగిపోయింది, తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చింది. టీవీలో షిన్‌చాన్ బడి పేరు ఫుతబా. ఆ పత్రికను అచ్చేసే సంస్థ ఫుతబాషా. యజమాని పేరు బడికి పెట్టడం ఉప్పు తిన్న విశ్వాసమో, ఎగతాళో మనమే అనుకోవాలి.

ఉసుయి 2009 సెప్టెంబరులో అరఫునె కొండకు ఒంటరిగా వెళ్లి, జారిపడి చనిపోయాడు. అప్పటికి 51 ఏళ్లు. మిగిలిన కథను శిష్యులు నడుపుతున్నారు. షిన్‌చాన్‌కు 26 ఏళ్లు గొంతిచ్చిన అకికో యజిమా 2018లో తప్పుకుంది. ఆ గొంతు తెప్పించుకోవడం మీదే ధ్యాసంతా పోతోంది, పాత్రలోకి వెళ్లలేకపోతున్నాను అన్నది ఆమె చెప్పిన కారణం. ఐదేళ్ల పిల్లాడి బొంగురు గొంతు వెనక ఓ ఆడమనిషి పడ్డ పాటు అది.

ఊరి విషయానికొస్తే, కార్టూన్లో కనబడని కసుకబే ఒకటి నేల కింద ఉంది. చుట్టూ నదులు, మధ్యలో పళ్లెంలా పల్లపు నేల; వాన పడితే మునక. అందుకని భూమికి 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. చిన్న నదులు పొంగితే ఆ నీరు పెద్ద బావుల్లాంటి గోతుల్లో పడి, సొరంగం గుండా వెళ్లి చివరికి ఎదో అనే నదిలోకి చేరుతుంది. నీటి ఉరవడి తగ్గించే తొట్టిలో 18 మీటర్ల ఎత్తు స్తంభాలు 59. చూసినవాళ్లు దాన్ని పాతాళ దేవాలయం అంటారు. వేయి స్తంభాల గుడి చూసిన మనకు ఆ పోలిక కొత్తేం కాదు కానీ, ఈ గుడిలో దేవుడు వరదొచ్చినప్పుడే వస్తాడు. ఇదంతా 2006లో పూర్తయింది. నాలాలు పొంగే ఊళ్లలో ఉండేవాళ్లం కొంచెం ఈర్ష్య పడొచ్చు.

ఇవికాక తేలికైన కిరి చెక్కతో చేసే బట్టల పెట్టెలు ఇక్కడివి పేరున్నవి. మే నెలలో ఎదో నది గట్టున 15 మీటర్ల పొడవు, 800 కిలోల బరువున్న గాలిపటం ఎగరేస్తారు. దాన్ని లేపడానికి వంద మంది దాకా తాడు లాగాలి. పట్టుపురుగుల రైతులు మొదలుపెట్టిన వేడుకట.

2004లో, మున్సిపాలిటీకి 50 ఏళ్లు నిండినప్పుడు, షిన్‌చాన్ కుటుంబాన్ని ఊరి ప్రత్యేక నివాసులుగా నమోదు చేసుకున్నారు. వాళ్ల ఇల్లు ఉండే ఫుతబా పేట మాత్రం ఊరి పటంలో వెతికినా దొరకదు. 2025లో వచ్చిన సినిమాలో షిన్‌చాన్, అతని స్నేహితుల దండు డాన్సు చేయడానికి ఇండియాకే వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది మిట్సీ వెళ్లే సూపర్‌మార్కెట్టు. పేరు సాతో కొకొనోకాదో. దానికి మూలం కసుకబేలోని ఇతో యోకాదో దుకాణం. జపాన్ భాషలో యోకా అంటే నెలలో ఎనిమిదో రోజు, కొకొనోకా అంటే తొమ్మిదోది. ఇతో, సాతో అక్కడి ఇంటిపేర్లు. మన లెక్కలో అష్టమి స్టోర్స్‌ని నవమి స్టోర్స్ చేశారన్నమాట. ఎగతాళికి యజమానులు నొచ్చుకోలేదు. 2017లో, టీవీ సీరియల్‌కి పాతికేళ్లు నిండాయని, అసలు దుకాణానికే కొద్ది రోజులు కార్టూన్ పేరు బోర్డు తగిలించారు.

2024 నవంబరులో ఆ దుకాణం మూతపడింది. అష్టమి వెళ్లిపోయింది. నవమిలో తగ్గింపు ధరల రోజు మిట్సీ చంటిదాన్ని వీపున కట్టుకుని ఇప్పటికీ పరిగెడుతూనే ఉంది.