ఎర్ర తోటకూర అన్నం ఎలా వండుకుంటుంది?



పోయిన నెల మన హాస్టల్ వెనక మడిలో తోటకూర మొలిచింది. కొన్ని మొక్కలు పచ్చగా, కొన్ని ఎర్రగా వచ్చాయి. ఎర్రవాటికి తెగులు పట్టిందనుకొని మేము సగం పీకేశాం. సైన్సు సారు చూసి తిట్టలేదు గానీ, "తెగులు పట్టిన మొక్కైతే పక్కదానితో సమానంగా ఎందుకు పెరిగిందిరా?" అని అడిగారు. మాకు నోటమాట రాలేదు. తరవాత సారు దగ్గర తెలుసుకున్నది రాస్తున్నాను.

మొక్కకు ఆకే వంటిల్లు. వేర్లు పంపిన నీళ్ళు, గాలిలోని కార్బన్ డయాక్సైడు సరుకులు. ఎండ మంట. వండేది పత్రహరితం. ఇదే కిరణజన్య సంయోగక్రియ. పత్రహరితం ఎండలోని ఎరుపు, నీలం కాంతిని ఎక్కువగా తీసుకుంటుంది. ఆకుపచ్చ కాంతిని తక్కువగా తీసుకుంటుంది. అందుకే ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది.

మరి ఎర్ర ఆకులో పత్రహరితం లేదా? ఉంది! దాన్ని అమరాంథిన్ అనే ఎర్రరంగు కప్పేసింది, అంతే. బీట్‌రూట్ రంగు కూడా ఈ కుటుంబంలోదే. ఇది నీళ్ళలో కరుగుతుంది, పత్రహరితం కరగదు. అందుకే ఎర్ర తోటకూర ఉడికిస్తే నీళ్ళు ఎర్రబడతాయి, ఆకులో దాగిన పచ్చదనం బయటపడుతుంది. మెస్సులో వండే రోజు వెళ్ళి చూడండి.

అయితే రెండింటికీ తేడా లేదా అంటే ఉంది. అమరాంథిన్ పట్టుకున్న వెలుతురు వంటకు పనికిరాదు. నీడలో ఇది మొక్కకు నష్టమే. కానీ మండుటెండలో వెలుతురు మితిమీరితే ఆకులో వంట దెబ్బతింటుంది. అప్పుడు ఆ ఎర్రరంగే గొడుగులాగా కాపాడుతుంది.

ఇంకో సంగతి. ఎరుపైనా పచ్చైనా తోటకూర "సి-4" మొక్క. వంగ, టమాటా, బెండ, చిక్కుడు "సి-3" మొక్కలు. ఎండ ముదిరితే సి-3 మొక్కలు కార్బన్ డయాక్సైడుకు బదులు ఆక్సిజన్‌ను పొరపాటున ఎక్కువగా పట్టుకొని, చేసిన కష్టం కొంత పోగొట్టుకుంటాయి. తోటకూర అలా కాదు. కార్బన్ డయాక్సైడును ముందు నాలుగు కార్బన్ల పదార్థంగా మార్చి, ఈనెల చుట్టూ ఉన్న కణాలకు పంపి, అక్కడ విడిపించి వండుకుంటుంది. పొరపాటు బాగా తగ్గుతుంది. మన కొండల్లో పండే చోడి, జొన్న, మొక్కజొన్న కూడా ఇదే దారి. 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకుల మీద పరిశోధించి ఈ దారిని వివరించారు.

కాబట్టి వార్డెన్ సారుకు మా మనవి: చింతచెట్టు కింద మడి తోటకూరకు వద్దు. అక్కడ అల్లం, పసుపు వేద్దాం. తోటకూరకు బావి పక్కన ఎండ తగిలే మడి ఇప్పించండి.

మిత్రులారా, మీకూ ఒక మాట. రంగు చూసి మొక్కను పీకెయ్యకండి. మేము పీకినవి ఇంకో వారం ఉంటే ఒక పూట కూర అయ్యేవి!

— 9వ తరగతి, తోటపని బృందం