గడీలలో కొలిమి

చెన్నపట్టణమునకు దక్షిణముగా సముద్రతీరపు బాటమీద ముట్టుకాడు అను చోట ఒక తెలుగు నేతగాని యిల్లు గలదు. అది తమిళదేశపు టిల్లు గాదు. అప్పటి నల్లగొండ జిల్లాలోని కొయ్యలగూడెపు చిటికి నేతవారి యిల్లు. 1984లో నెలకొనిన మద్రాసు క్రాఫ్ట్ ఫౌండేషన్ అను సంస్థ 1996లో అచ్చట ‘దక్షిణచిత్ర’ను తెరచినది. కూలద్రోయుటకు సిద్ధపరచిన పాతయిండ్లను కొని, స్తంభములను దూలములను జాగ్రత్తగా విప్పి తరలించి, పరంపరాగతులైన వడ్రంగులచేతను రాతిపనివారిచేతను వానిని మరల నిలబెట్టించిరి. ఆ యిండ్లనడుమనే చేతిపనివారు కూర్చుండి పనిచేయుదురు. చూడవచ్చినవాడు వస్తువును మాత్రమేగాక దానిని చేయు చేతినిగూడ చూచును.

ఈ పనిని మేము మనసార మెచ్చుచున్నాము. అయినను మన నేతగాని యింటిని చూచుటకు మనము చెన్నపట్టణము దాటి పోవలసివచ్చుట మాత్రము మాకు కష్టముగనే యున్నది. నెల్లికుదురు, మానుకోట, జనగామ ప్రాంతములలో పాతకట్టడములకు కొదవయా? చేతిపనులకు కొదవయా? జనగామ చెంత, హైదరాబాదు ఓరుగల్లు బాటమీదనే పెంబర్తి యున్నది. ఇత్తడిరేకును లక్కపరుపుమీద బిగించి, చిన్నచిన్న ఉలులతో సుత్తెతో కొట్టి, రేకులో లతలను, దేవతామూర్తులను ఉబ్బెత్తుగా లేపు విశ్వకర్మలు ఆ యూరివారు. దెబ్బ యెక్కువైనచో రేకు చినుగును, తక్కువైనచో రూపు లేవదు. ఆ కొలతను నేర్పు పుస్తకము లేదు, తండ్రి ప్రక్కను కూర్చుండి నేర్వవలసినదే. 2016 వరకు ఓరుగల్లు జిల్లాలోనే యుండిన చేర్యాలలో నకాషీవారు గుడ్డకు సుద్దమన్ను, చింతగింజల జిగురు పట్టించి దానిమీద కులపురాణములను చిత్రింతురు. ఓరుగల్లు తివాసీలు 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచినవి. ఈ మూడింటికిని నేడు భౌగోళికసూచిక గుర్తింపు గలదు. గుర్తింపుపత్రము గోడకు వ్రేలాడుచున్నది, పనివాని పిల్లవాడు పట్నమునకు పోవుచున్నాడు.

ఇక కట్టడముల మాట. గడీలు అనగానే ఈ ప్రాంతమువారికి వెట్టి జ్ఞప్తికి వచ్చును. కుమ్మరి కుండలను, సాలె గుడ్డలను, కమ్మరి వడ్రంగులు పనిముట్లను దొరగారికి వెలలేక సమర్పించుకొనిన కాలమది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగినది విసునూరు దేశముఖు కుటుంబపు గడీ మనుష్యుల తుపాకీగుండ్లకే. కావున గడీలు కూలిపోయిన పోనిండు అను వారిమీద మాకు కోపము లేదు. కాని ఆ గోడల నెత్తినవా రెవరు? ఆ వెట్టివారే గదా! ఏ గుమ్మము వెలుపల చేతులు కట్టుకొని నిలిచిరో, ఆ గుమ్మము లోపల ఆ వంశములవారే కొలిమి పెట్టుకొని, మగ్గము దింపుకొని, తమ వస్తువునకు తామే వెల చెప్పుట కంటె గడీకి తగిన ప్రాయశ్చిత్తము మాకు తోచుటలేదు.

ఇది జరుగని పని కాదు. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను ఆ వంశమువారే బాగుచేయించగా 2022లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ పురస్కారము దానికి లభించినది. అయితే బాగుచేయుట యనగా సిమెంటు పూయుట కాదు. సున్నపుగోడ తేమను పీల్చి విడుచును. దానిమీద సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి, పూత పెచ్చులుగా రాలును, లోపలి యిటుకయు చెడును. గానుగలో నూరిన డంగుసున్నమే కావలెను. దానిని కలుపనేర్చిన మేస్త్రీలు తగ్గిపోవుచున్నారు. గడీ బాగుపడునప్పుడే నలుగురు కుర్రవాండ్రు ఆ పనిని నేర్చుకొన్నచో కేంద్రము తెరువకముందే ఒక చేతిపని బ్రదికినట్లగును.

ముట్టుకాడు పద్ధతిని అచ్చముగా అనుకరింపుమని మేము చెప్పుట లేదు. అచ్చట ఇల్లు పనివానియొద్దకు రాలేదు, పనివాడే ఊరు విడిచి యింటియొద్దకు పోవలెను. మనకా చిక్కు లేదు, గడీయు పనివాడును ఒక్క ప్రాంతముననే యున్నారు. అద్దపుపెట్టెలలో నాలుగు పళ్ళెములు పెట్టి, మంత్రిగారిచేత ప్రారంభోత్సవము చేయించి, మరునాడు తాళము వేయు కేంద్రములను చూచి చూచి విసిగితిమి. పెంబర్తివానికి కావలసినది పొగ వెడలు కప్పు, చప్పుడునకు గొణగని ఇరుగుపొరుగు, సరసమైన వెలకు ఇత్తడిరేకు, దళారి లేని కొనుగోలుదారు. గడీల విశాలమైన వసారాలు మొదటి రెండింటిని ఉచితముగనే యిచ్చును. తక్కిన రెండింటికి పనివారి సహకారసంఘము పూనుకొనవలెను.

నెల్లికుదురునకు చేరువనున్న ఇనుగుర్తిలో 1922లో ఒద్దిరాజు సోదరులు పల్లెటూరనక ముద్రణాలయము నెలకొల్పి ‘తెనుగు పత్రిక’ను వెలువరించిరి. అట్టి సీమలో సాహసమునకు లోటుండదు. ఈ ప్రాంతపు పాత గడీల తాళపుచెవులు కొన్ని ఈ పుటను చదువువారి పెట్టెలలోనే యుండవచ్చును. వారిని మేము దానము కోరుట లేదు. ముప్పది సంవత్సరములకు తక్కువ కాని కౌలుపత్రము పనివారి సంఘము పేరనే వ్రాసి యిండు, ప్రభుత్వము పేర వలదు. మరమ్మతు వ్యయము ప్రభుత్వమునుండి రాబట్టుటకు జిల్లా ప్రతినిధులను మేమును అడిగెదము.