ట్రిగ్గరు లోపలి నునుపు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో మను భాకర్ కాంస్య పతకం గెలిచిన సంగతి మీరు చదివే ఉంటారు. ఆమె పోటీనుంచి తప్పుకున్నప్పుడు ఆమె స్కోరు 221.7. ముందున్న కొరియా క్రీడాకారిణి కిమ్ యేజీ స్కోరు 221.8. ఒక్క పాయింటులో పదోవంతు తేడా!

ఈ ఆటలో లక్ష్యం మధ్యనున్న పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పిస్తోలు మీద ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం 35 సెంటీమీటర్లనుకోండి. ట్రిగ్గరు నొక్కే క్షణంలో ముందు గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. సరూప త్రిభుజాల లెక్క మీకు వచ్చు కదా, వేసి చూడండి. 10 మీటర్ల దూరంలో గుండు 28 మిల్లీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. పది రావలసిన చోట ఏడు వస్తుంది.

మరి నొక్కేటప్పుడు పిస్తోలు ఎందుకు కదులుతుంది? చెయ్యి వణకడం ఒక కారణం. రెండో కారణం పిస్తోలు కడుపులో ఉంది.

1911 నాటి కోల్ట్ పిస్తోలును తీసుకుందాం. అందులో ఒక చిన్న సుత్తి ఉంటుంది. బలమైన స్ప్రింగు దానిని ముందుకు తోస్తూ ఉంటుంది. ఆ సుత్తిని ఆపి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. మన తలుపు గడియ లాంటిదే అనుకోండి. దాని కొస సుత్తి మీది గాడిలో తగులుకుని ఉంటుంది. ఎంత మేర? సుమారు అర మిల్లీమీటరు, అంతే. ట్రిగ్గరు నొక్కితే సియర్ ఆ అర మిల్లీమీటరూ జారి, సుత్తిని వదిలేస్తుంది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లను పక్కన పెడితే, పోటీ పిస్తోళ్ళలోనూ సూత్రం ఇదే.

వర్షాకాలంలో ఉబ్బిన సొరుగును లాగి చూశారా? ఎంత లాగినా రాదు. ఇంకొంచెం బలంగా లాగితే ఒక్కసారిగా ఊడి మీదికొస్తుంది. కదలని వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న దానిని నడిపించే బలం కంటె ఎక్కువ. మొదటిది స్థైతిక ఘర్షణ, రెండోది జారుడు ఘర్షణ. ఒక చెక్కముక్కకు స్ప్రింగు త్రాసు తగిలించి బల్ల మీద మెల్లగా లాగండి. ముల్లు పైకి పోయి, చెక్క కదలగానే ఠక్కున కిందికి దిగుతుంది. బల్ల ఎగుడుదిగుడుగా ఉంటే ఇది పదే పదే జరుగుతుంది. సుద్దముక్క నల్లబల్ల మీద కీచుమనేది కూడా ఇందుకే.

యంత్రం మీద కోసిన ఉక్కు ముఖం కంటికి నున్నగానే కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే దున్నిన పొలమే! కోత పనిముట్టు వదిలిన చాళ్ళు, గట్లు. గట్టు ఎత్తు కొన్ని మైక్రాన్లే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). కాని సియర్ ప్రయాణమే అర మిల్లీమీటరు కదా. ఆ దారిలో నాలుగు గట్లు అడ్డం వచ్చినా నాలుగుసార్లు ఆగి, నాలుగుసార్లు దూకుతుంది. ఆగినప్పుడు వేలు బలం పెంచుతుంది. దూకినప్పుడు ఆ బలమంతా పిస్తోలును కుదుపుతుంది.

అందుకే తుపాకుల పనివాడు కొత్త ట్రిగ్గరు బిగించేటప్పుడు, రాసుకునే ముఖాలను సన్నని సానరాతితో నునుపు చేస్తాడు. ముందు ముఖానికి రంగు పూసి, ఆడించి చూస్తాడు. ఎక్కడ రంగు పోయిందో అక్కడే రాపిడి అన్నమాట.

అలాగైతే అద్దంలా మెరిసేదాకా రుద్దితే ఇంకా మంచిది కదా, అని మీకు అనిపించవచ్చు. కాదు. 1930ల చివర కేంబ్రిడ్జిలో బౌడన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు రెండు లోహపు ముఖాల గుండా విద్యుత్తు పంపి, అవి నిజంగా ఎంత మేర తాకుతున్నాయో కొలిచారు. తాకేది శిఖరాల కొసల దగ్గర మాత్రమే, మొత్తం వైశాల్యంలో అతి స్వల్పభాగం! ఆ కొసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముఖాలు మరీ నున్నగా, శుభ్రంగా ఉంటే అతుకుడు పెరుగుతుంది. స్వీడన్‌కు చెందిన యోహాన్సన్ తయారుచేసిన కొలత దిమ్మెలు రెండింటిని చేర్చి జరిపితే, అయస్కాంతం లేకుండానే అంటుకుపోతాయి. కనుక నునుపు చేయడమంటే ఘర్షణను సున్నా చేయడం కాదు, దారి పొడవునా ఒకే తీరుగా ఉంచడం. మిగతా పని కందెనది.

ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి భాగాలలో చాలావాటికి పై పొర మాత్రమే గట్టిపరచి ఉంటుంది. ఎక్కువ రుద్దితే ఆ పొర పోయి లోపలి మెత్తని ఉక్కు బయటపడుతుంది, త్వరగా అరిగిపోతుంది. రుద్దేటప్పుడు ముఖం వాలు కాస్త మారినా సియర్ పట్టు సడలుతుంది. అప్పుడు పిస్తోలు కింద పడితే చాలు, ఎవరూ నొక్కకుండానే పేలవచ్చు. ఇది శిక్షణ పొందిన పనివాడి పని. మీ ప్రయోగాలకు చెక్కముక్క చాలు.

నునుపు వేరు, తేలిక వేరు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రజతం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో, ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువును ఓర్చుకోవాలని నియమం. గొట్టాన్ని నిటారుగా పెట్టి, ట్రిగ్గరుకు ఆ బరువు తగిలించి పైకెత్తుతారు. బరువు లేవాలి, ట్రిగ్గరు విడవకూడదు.