దుఃఖకథలు – ధైర్యకథలు

మా ఆత్మకూరులో నేనొకనాడు కథలు చదివి వినిపించుచుండగా ఒక అవ్వ యిట్లనినది: "మా యేడుపు మాకు తెలుసు నాయనా! ఏడ్సినోళ్లు మల్లా ఎట్ల లేసినారో అది సెప్పు."

అమెరికా నల్లజాతి రచయిత్రులకును ఇదే ప్రశ్న. ఆలిస్ వాకర్ 1982లో వెలువరించిన 'ది కలర్ పర్పుల్' నవలలో, హింసలు పడిన సీలీ తుదకు కుట్టుపనితో తన కాళ్లమీద తాను నిలిచినది.

మన దళిత రచయిత్రి గోగు శ్యామల కథ యొకదానిలో, కూతురిని జోగినిగ చేయనొల్లక తండ్రి చదువునకు పంపును. కుటుంబము ఊరిపెద్దల దండనకు గురియగును. దండనను దాచినచో ఆ చదువు వెల తెలియదు; చదువును దాచినచో బాధ యొక్కటే మిగులును. రెండును చెప్పిన కథయే నాకు సత్యముగ తోచినది.

దానినే అవ్వకు చదివితిని. విని, "ఆ పిల్ల ఎంతవరకు సదివె?" అని యడిగినది.